లోపలి కుట్లు

మా అపార్ట్‌మెంటు లిఫ్టులో కొత్తగా అద్దం పెట్టారు. ఎవరు అడిగారో తెలీదు. లిఫ్టు మాటిమాటికీ మధ్యలో ఆగిపోతోందని మేమంతా సంతకాలు పెట్టి అసోసియేషన్‌కి కాగితం ఇస్తే, దానికి జవాబుగా అద్దం వచ్చింది. ఆగిపోయినప్పుడు మనిషికి తోడుంటుందని కాబోలు. నాలుగో అంతస్తు నుంచి కిందికి దిగే కాస్త సేపట్లో అరవై దాటినవాడు తనని తాను చూసుకోవలసిన అవసరం ఏముందో నాకు అర్థం కాదు. పొద్దున్న గడ్డం గీసుకుంటూ ఒకసారి చూసుకుని, సరేలే అని రాజీపడిన వ్యవహారాన్ని మళ్ళీ తిరగదోడటం తప్ప. మొన్న రెండో అంతస్తు అమ్మాయి అద్దంలోకే చూస్తూ, "చిక్కిపోయారేంటండీ అంకుల్? చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టుంది" అంది. "హ్యాంగరు పాతదమ్మా, చొక్కా కొత్తది" అన్నాను. నవ్వింది. కింద ఎవరి దారిన వాళ్ళం పోయాం. ఆ మాట మాత్రం సాయంత్రం దాకా నా వెనకే తిరిగింది. మనిషి చిక్కిన సంగతి ముందుగా ఊరికి చెప్పేది మొహం కాదు, చొక్కా. నాది చెప్పేసింది. షాపులో కొన్న చొక్కా కదా, దానికి నా మీద అభిమానం ఏముంటుంది?

అంతకు ముందు ముప్ఫై ఏళ్ళు నా చొక్కాలు మా ఆవిడే కుట్టింది. ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది. ఎండాకాలంలో జబ్బు బయటపడింది, వానలు మొదలయ్యేసరికి మనిషి లేదు. "బాగా ముదిరిపోయిందండీ, ముందు మీకేమీ తెలీలేదా?" అని డాక్టరు అడిగితే, "ఏ సూచనా లేదండీ, మనిషి ఎప్పట్లాగే ఉంది" అన్నాను. పదకొండో రోజున వచ్చిన చుట్టాలందరికీ అదే చెప్పాను. ఫోను చేసినవాళ్ళకి చెప్పాను. పలకరించిన పాపానికి పాలవాడికి కూడా చెప్పాను. వాళ్ళు నమ్మారో లేదో గానీ నేను నమ్మాను. ఆ ఒక్క మాట మీద ఆనుకునే ఇన్నాళ్ళూ అన్నం తింటున్నాను. ముందే తెలిసే వీలుండి నాకు తెలియలేదంటే ఆ అన్నం ఎలా దిగుతుందో నాకు తెలీదు.

మా ఆవిడ కుట్టు మిషను పెళ్ళికి వాళ్ళ నాన్నగారు ఇచ్చింది. కంకిపాడు నుంచి బస్సు పైన ఎక్కించి తెచ్చారు. దాన్ని హాల్లో కిటికీ పక్కన పెట్టాక నా కుర్చీ వరండాలోకి మారింది, ఇక లోపలికి రాలేదు. చొక్కాలు, జాకెట్లు, అమ్మాయి గౌన్లు, గలీబులు, కర్టెన్లు, ఆఖరికి మిక్సీకి గౌను కూడా కుట్టింది. టేపు వాడటం ఆవిడకి చిన్నతనం. ఎవరికైనా సరే ఒంటికి సరిపోయిన పాతదొకటి ఇమ్మనేది, దాన్నే ఆదిగా పెట్టుకుని కొత్తది కత్తిరించేది. దారం మాత్రం బట్ట రంగులో కలిసిపోవాలి. అది కొనుక్కొచ్చే గౌరవం నాది. చేతిలో చిన్న గుడ్డముక్క పట్టుకుని వన్‌టౌన్‌లో దుకాణం దుకాణం తిరిగేవాణ్ణి. వంకాయ రంగులో ఇరవై రకాలున్నాయని డిగ్రీలో నాకెవరూ చెప్పలేదు. తప్పు రంగు తెస్తే కళ్ళజోడు పైనుంచి చూసి, "కాలేజీలో మీకు అటెండెన్సు ఎలా ఇచ్చారండీ?" అనేది.

జాకెట్టుకి పక్కల రెండు మూడు కుట్లు వరసగా ఎందుకేస్తారని ఒకసారి అడిగాను. "ఒకటొకటే విప్పుకోడానికి. కాపరానికొచ్చాక ఒకటి, పురుడయ్యాక ఒకటి" అంది. "మరి మూడోది?" అన్నాను. "అది మీ జోకులు విని కదలకుండా కూర్చున్నందుకు" అంది. అంటే ఆడవాళ్ళ జాకెట్టు లోపల కుట్లు బయటి వైపుకే నడుస్తాయన్నమాట. లోపలి వైపుకి నడవడం మా ఇళ్ళల్లో ఒక్కసారే విన్నాను. మా అత్తగారు మంచం పట్టినప్పుడు మా ఆవిడ కంకిపాడు వెళ్ళి ఆవిడ జాకెట్లు బిగించి వచ్చేది. ఒకసారి బస్సు దిగుతూనే సంచీ నా చేతికిచ్చి, "రెండోసారి బిగించానండీ. ఇంక ఎక్కువ రోజులు లేదు" అంది. నెల తిరక్కుండా అత్తగారు పోయారు. డాక్టర్లు కూడా అంత కచ్చితంగా చెప్పలేదు.

ఇక్కడ నా గుండె గురించి కొంచెం చెప్పాలి. మా ఆవిడ పోవడానికి ఏడాదిన్నర ముందు దానికి స్టెంటు పడింది. "ఓ ఏడాదిపాటు ఈయనకి ఏ కంగారూ పెట్టకండమ్మా" అని స్టెంటు వేసిన డాక్టరు మా ఆవిడతో అన్నాడు. డాక్టర్లు అందరితోనూ అనే మాటే. మా ఆవిడ దాన్ని తాళం వేసి దాచుకుంది. ఆ ఏడాది మా ఇంట్లో అందరూ నన్నే చూశారు. నేను ఎంత నడిచాను, ఎంత ఉప్పు తిన్నాను, మెట్లెక్కితే ఆయాసం వచ్చిందా. నేను కూడా నన్నే చూసుకున్నాను. పరామర్శకి వచ్చినవాళ్ళకి స్టెంటు కథ చెప్పడంలో ఎంత నేర్పు సంపాదించానంటే, విన్నవాళ్ళే మళ్ళీ విని నవ్వేవారు. పగలు పడుకుంటే వెలుతురు కళ్ళల్లో పడుతోందన్నానని గదికి కాఫీపొడి రంగు కర్టెన్లు కుట్టింది. మందులు ఎక్కడ పెట్టానో మర్చిపోతున్నానని ఆకుపచ్చ గుడ్డతో పూటకో అర ఉన్న సంచీ కుట్టింది. తలకింద ఎత్తు చాలడం లేదంటే పసుపు రంగు గలీబులతో రెండు దిళ్ళు. అడగడం నా వంతు, మిషను తొక్కడం ఆవిడ వంతు.

ఆ డిసెంబరులో ఆవిడ స్వెట్టరు వేసుకుంది. బెజవాడలో చలికాలమంటే ఫ్యాను ఒక నంబరు తగ్గించుకోవడమే. అయినా, పక్క వాటాలో కొన్నాళ్ళున్న ఉత్తరాది ఆవిడ దగ్గర అల్లిక నేర్చుకున్న ఉత్సాహంలో ఎప్పుడో నాకోసం బూడిద రంగు ఊలుతో అల్లింది. "ఈ ఊళ్ళో ఇది వేసుకుని రోడ్డెక్కితే ఏదో దాస్తున్నానని పోలీసులు ఆపుతారు" అని నేను ముట్టుకోలేదు. దాన్ని తీసి తనే వేసుకుంది. మెడ నుంచి మణికట్టు దాకా మనిషి అందులో మునిగిపోయింది. "ఏమోయ్, మన వంటింట్లో మంచు పడుతోందా?" అన్నాను. "మీకు చలి తెలీదులెండి. నోరు ఆడుతూనే ఉంటుందిగా, ఒళ్ళు దానికే కాగుతుంది" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఇంతకీ నా ఉద్యోగం ఏమిటో చెప్పలేదు. రిటైరయ్యేదాకా కాలవల శాఖలో రోజూ పొద్దున్నే బందరు కాలవలో నీటిమట్టం చూసేవాణ్ణి. అంగుళం తగ్గినా పైవాళ్ళకి ఫోను చేసి చెప్పాలి. ఆ పనిలో నాకు మంచి పేరుండేది.

సరే, లిఫ్టు మాట అయిన మర్నాడు నా చొక్కాలు నాలుగు సంచీలో పెట్టుకున్నాను, బిగించుకుందామని. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఎన్నాళ్ళ నుంచో, "అమ్మ చీరలు నేను కట్టుకుంటాను నాన్నా. జాకెట్లు కూడా పంపు. మా ఇద్దరిదీ ఒకటే కొలత, మరీ బిగుతైతే ఒక కుట్టు విప్పించు" అని అడుగుతోంది. బీరువాలో ఆవిడ చివరగా తొడుక్కున్న ఆరు జాకెట్లు మడత నలగకుండా ఉన్నాయి. అవీ సంచీలో పెట్టాను. చొక్కాలు బిగించాలి, జాకెట్లు విప్పాలి. మా వీధి చివర కొత్తగా మిషను పెట్టుకున్న ఒకావిడ ఉంది, నలభై ఏళ్ళుంటాయి, మెడలో టేపు, నోట్లో గుండుసూది. పోయినవాళ్ళ బట్టలంటే కొందరు ముట్టుకోరు. అందుకని జాకెట్లు ఎవరివని అడిగితే, "మా బంధువులావిడవండీ" అన్నాను. అబద్ధం కూడా కాదు.

ఆవిడ మొదటి జాకెట్టు లోపలికి తిరగేసి చూసి, నోట్లో సూది తీసి పక్కన గుచ్చింది. రెండోది తిరగేసింది, మూడోది తిరగేసింది. "ఇదేంటండీ ఇది!" అంది. "ఇదిగో, ఇది అసలు కుట్టు. బట్ట రంగు దారం, ఎంత సన్నంగా వేశారో చూడండి, మంచి పనిమంతురాలు. దీని లోపలికి ఇంకోటి. కాఫీపొడి రంగు దారం. దాని లోపలికి ఆకుపచ్చ. ఇక్కడ చూడండి, పసుపు. ఆరింటికీ ఇంతే. విప్పుకుంటా పోయినోళ్ళని చూశాను గానీ, ఇలా లోపలికి లోపలికి వేసుకుంటా పోయినోళ్ళని నేను చూళ్ళేదండీ." మ్యాచింగు దారం కోసం నన్ను మండుటెండలో వన్‌టౌన్ పంపించే మనిషి, నలుపు జాకెట్టుకి పసుపు దారంతో కుట్టు వేసుకుంది. కర్టెన్లు కుట్టిన రోజు మిషను మీద ఏ దారం ఉందో దానితోనే, నేను పడుకుని లేచేలోపు. మందుల సంచీ అయ్యాక మళ్ళీ. గలీబులయ్యాక మళ్ళీ. రెండోసారి బిగించిన రోజున అది దేనికి లెక్కో ఆవిడకి తెలుసు. మూడోసారి కూడా బిగించి, సరిగ్గా ఒంటికి అతికినట్టున్న జాకెట్టు తొడుక్కుని, నాకు కాఫీ తెచ్చి ఇచ్చింది. మనిషి ఎప్పట్లాగే ఉందని నేను చెప్పిన మాట అబద్ధం కాదు. ఎప్పట్లాగే కనబడేలా ఆవిడ కుట్టుకుంది, నేను చూశాను.

మిషను ఆవిడ కుట్ల మీద గోరుతో గీస్తూ లెక్కపెడుతోంది. ఏడాదన్నది క్యాలెండరులో గడుస్తుందనుకుంటాం గానీ, నా ఇంట్లో ఒక ఏడాది పావంగుళం చొప్పున లోపలికి నడుచుకుంటూ పోయింది. మిషను ఆవిడ జాకెట్టు మడిచి బల్ల మీద పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఒంటరి మనిషా అండీ పాపం? ఇంత చిక్కిపోతుంటే, ఇంట్లో చూసే దిక్కే లేదా ఈవిడకి?"