ఎనిమిది కొమ్మల ఇత్తడి బిళ్ళ

శేషాద్రి నాయుడు ఇత్తడి బిళ్ళను కిటికీ వెలుతురుకు ఎత్తి చూసుకున్నాడు. నడుమ చుక్క, చుక్కనుంచి ఎనిమిది దిక్కులకు ఎనిమిది కొమ్మలు, ప్రతి కొమ్మకూ శూలంలాంటి మొన. కింద భరణి అనే పేరు, రూన్ అక్షరాల్లో. పొద్దున కూర్చున్నవాడు నడుం ఎత్తేసరికి మధ్యాహ్నం దాటింది. వెన్నులో మొదలైన నొప్పి మెడకు పాకింది. అయినా వంక పెట్టడానికేమీ లేదనిపించింది.

వంక పెట్టదగ్గ పని ఆయన చేతినుంచి ఎప్పుడు వచ్చింది గనుక. ఊళ్ళో ఒక్క పంతులు నడిపే బడిలో చదివింది ఐదో తరగతి వరకే. కానీ ఆయన దస్తూరి ఉన్న పలకను పంతులు ఇల్లిల్లూ తిప్పి చూపించాడు. మద్రాసు తొండియార్‌పేటకు వచ్చి పాత్రల కొట్టు ముందు పీట వేసుకున్నాక, ఆయన పేర్లు కొట్టిన బిందెలు ఎన్ని పెళ్ళిళ్ళకు పోయాయో ఎవరికీ తెలియదు. హార్బరు కూలీల కబడ్డీ కప్పు మీది పేర్లు ఆయనవే. కోడంబాక్కం స్టూడియోవాళ్ళు కారు పంపించి మరీ పిలిపించుకుని షీల్డులు చెక్కించుకున్నారు. గుడిగంట నాదం చెడకుండా దాత పేరు కొట్టినవాడు ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే.

తర్వాత పేర్లు కొట్టే చేతి మిషన్లు వచ్చాయి, పీట పోయింది. కోడలు లక్ష్మీప్రియ ఇంట్లో ఆన్‌లైన్ గిఫ్టుల వ్యాపారం పెట్టాకనే మళ్ళీ ఉలి పట్టాడు. ఇప్పటి పిల్లలకు నార్స్ గుర్తుల మోజు. ఎక్కడో ఉత్తరాన, మంచు సముద్రాలవాళ్ళ రాతలట. రూన్ అక్షరాలంటే ఆయనకు ఇష్టమే. గుడి లేదు, సున్నా లేదు, అన్నీ నిటారు గీతలే, ముసలి చేతికి సులువు. అయితే పోయిన నెల రెండు బిళ్ళలు తప్పులని తిరిగొచ్చాయి. అంబత్తూరులో లేజర్ మిషను ఉందనీ, ఇంకొకటి తిరిగొస్తే పనంతా అక్కడికే ఇచ్చేస్తాననీ కోడలు మెత్తగానే చెప్పింది. ఆనాటినుంచి ఆయనకు కంటినిండా నిద్ర లేదు.

ఎదురింటి చెంగమ్మ వాకిట్లోంచి తొంగి చూసింది.

"ఏం నాయుడన్నా, నా చెంబు మీద పేరు కొట్టేది ఈ జన్మలో ఉందా?"

"ఉండు చెంగమ్మా. ఓడెక్కే అబ్బాయి బిళ్ళ ఇది, సాయంత్రం తీసకపోతారు. నీ చెంబు ఏ ఓడా ఎక్కదు కదా."

"ఓడెక్కదులే. పేరు లేకుంటే పక్కింటోళ్ళ అటకెక్కుతాది."

ఆమె అటు పోగానే లక్ష్మీప్రియ వచ్చి బిళ్ళను అందుకుంది. ఫోనులోని బొమ్మనూ బిళ్ళనూ మార్చి మార్చి చూసింది.

"మామా, అన్ని కొమ్మలూ ఒకే మాదిరి ఉండాయే."

"లేకుంటే ఎట్లమ్మా? ఆ బొమ్మ గీసినోడికి చెయ్యి నిలవలా. ఒక్కో కొమ్మ ఒక్కో రకంగా పెట్టినాడు. నేను సరిచేసినా."

ఆయన పద్ధతే అది. పూజగదుల్లో పెట్టే యంత్రం రేకులు చెక్కిన కాలంనుంచీ అంతే. ఒక దిక్కు గీసి, రేకు తిప్పి, అదే గీత మళ్ళీ గీయడం. ఒక దిక్కు ఎక్కువై ఒక దిక్కు తక్కువైతే ఆ రేకును ఎవరూ ఇంట్లో పెట్టుకోరు.

"అది తప్పు కాదు మామా. ఈ గుర్తుకు వెగ్విసిర్ అని పేరు. గాలివానలో కూడా దారి తప్పకూడదని పెట్టుకుంటారంట. ఎనిమిదీ వేరేవేరేగానే ఉండాల. ఆర్డరిచ్చిన నివేదిత తమ్ముడు భరణి మొదటిసారి ఓడెక్కతా ఉండాడు. అందుకని ఆ పిల్ల అడిగి అడిగి ఇది చేయిస్తా ఉంది."

శేషాద్రి బిళ్ళను తిరిగి చేతిలోకి తీసుకున్నాడు. ఇత్తడి మీద పడిన గీత చెరిగేది కాదు. ఇంట్లో మరో బిళ్ళ లేదు. బిళ్ళను బోర్లించి అరచేత్తో తుడిచాడు. వెనకవైపు నున్నగా ఉంది.

"ఫోను ఇట్ల పెట్టు."

"మీ కళ్ళు చూసుకున్నారా మామా? ఎర్రగా అయిపోయి ఉండాయి."

"చూసుకున్నాలే. పెట్టు."

ఈసారి బిళ్ళను తిప్పలేదు. ఒక కొమ్మ చూడడం, ఒక కొమ్మ గీయడం, మళ్ళీ కళ్ళు నులుముకోవడం. చెయ్యి తనకు తెలిసిన గీతవైపే లాగుతుంటే దాన్ని ఆపడమే సగం పని. చివరి కొమ్మ మొన దగ్గర ఉలి వెంట్రుకంత జారింది. అది అలాగే ఉండిపోయింది. కింద పేరు మళ్ళీ కొట్టాడు.

పొద్దు వాలుతుండగా నివేదిత వచ్చింది. లక్ష్మీప్రియ నోరు తెరిచేలోపే ఆయన చెప్పేశాడు.

"పైపక్కది నేను తప్పు చేసినానమ్మా. వెనక చూడు."

ఆ పిల్ల తిప్పి చూసింది, ఫోనుతో సరిచూసుకుంది.

"కరెక్టుగా ఉంది తాతా. ఆ పైపక్కను గోడవైపు తిప్పి పెట్టుకోమంటాలే వాడిని." నవ్వుతూ సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

లక్ష్మీప్రియ ఊపిరి పీల్చుకుంది. "తిరిగి రాలేదు కదా మామా. అంబత్తూరు మాట ఇప్పుడొద్దులే."

రోజంతా ఆయన కాచుకున్న మాట అదే. తీరా వచ్చాక దానికి రుచి లేదు. జారిన మొన కళ్ళముందు నిలిచింది. ఆ పిల్లకు కనిపించలేదు, కోడలికీ కనిపించలేదు.

"పంపించెయ్యమ్మా. బొమ్మలన్నీ ఆడికే పంపించెయ్."

"కోపం వచ్చిందా మామా?"

"కోపమేంది. చూసి చూసి గీసేది ఇంక నావల్ల కాదు."

లక్ష్మీప్రియ కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది. శేషాద్రి మూలనున్న చెంగమ్మ చెంబును ఒళ్ళోకి లాక్కున్నాడు. దానికి బొమ్మ అక్కర్లేదు, ఫోను అక్కర్లేదు. చిన్న సుత్తి టకటకలాడింది.

ఎదురింట్లోంచి చెంగమ్మ అడిగింది. "ఏమన్నా, ఓడ పోయిందా?"

"పోయింది. వచ్చి నీ చెంబు తీసకపో."