రోజారమణి టీచర్ గొంతు

రోజారమణి టీచర్ పాఠం మొదలుపెడితే ఊరి బయట బస్సు కోసం నిలబడ్డవాళ్లకు కూడా ఎక్కాలు వచ్చేస్తాయని మక్తల్ చుట్టుపక్కల నవ్వుకుంటారు. అందులో అతిశయోక్తి కొంతే. ఆమె పద్మశాలీల బిడ్డ. పుట్టింట్లో నాలుగు మగ్గాలు. పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా ఆగేవి కావు. ఆ చప్పుడులో అన్నం అడగాలన్నా అరవాల్సిందే. అలా సానపట్టిన గొంతు అది. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఆమెకు మైకు అవసరం పడలేదు. ఉత్తమ ఉపాధ్యాయురాలని శాలువా కప్పిన రోజు కూడా పెద్దలంతా మెచ్చుకున్నది ఆ గొంతునే. ఆమెకూ దానిమీద గర్వమే, దాచడమెందుకు?

ఆ గర్వమే ఒక పిల్ల కొంప ముంచింది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, రెండో తరగతిలో నాగరాణి అని ఒక పిల్ల చేరింది. గొర్లకాపరి మల్లన్న బిడ్డ. చివరి వరసలో గోడకు ఆనుకుని కూర్చునేది. ఒకరోజు పిలిస్తే పలికేది, ఇంకోరోజు గుడ్లప్పగించి చూసేది. పక్కపిల్ల పలకలోకి తొంగిచూసి రాసేది.

"నా గొంతు ఊరవతలకు వినవడ్తది, నీకు వినవడదా? యాక్టింగ్ చేస్తున్నవా?" అని రోజారమణి ఆ పిల్లను ఎండలో నిలబెట్టింది. బెత్తంతో కొట్టింది. చివరికి ఒక కొత్త పద్ధతి పెట్టుకుంది. పలికితే హాజరు, పలకకపోతే గైర్హాజరు. పిల్ల ఎదురుగానే కూర్చుని ఉండేది, హాజరు పట్టీలో మాత్రం ఉండేది కాదు. అట్లా చాలా రోజులు బడికి 'రాని' పిల్ల పేరును పట్టీలోంచి కొట్టేశారు. ఆ ఎండకాలం మల్లన్న ఇంటిల్లిపాదీ గొర్లను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయారు. నాగరాణి కూడా మంద వెంట పోయింది, మళ్లీ బడికి రాలేదు. మొండిఘటం వదిలిందనుకుంది రోజారమణి. తర్వాత మరిచిపోయింది.

ఎనిమిదేళ్లకు మండల కేంద్రంలో సహిత విద్య మీద అయిదు రోజుల శిక్షణ పెట్టారు. అన్ని రకాల పిల్లలనూ ఒకే తరగతిలో కూర్చోబెట్టి ఎట్లా చదువు చెప్పాలన్నది విషయం. శిక్షణ అంటే సంతకం, సమోసా, మధ్యాహ్నం ఒక కునుకు. మన పంతుళ్లకు తెలియనిదా? రిటైరయ్యే ముందు నాకెందుకీ చదువని రోజారమణి గొణుక్కుంటూనే వెళ్లింది.

రెండోరోజు మెర్సీ అనే అమ్మాయి వచ్చింది. చెవిటి, మూగ పిల్లలకు చదువు చెప్పే టీచర్. అందరికీ దూది పంచి చెవుల్లో పెట్టుకోమంది. తను వెనక నిలబడి, నోటికి ఫైలు అడ్డం పెట్టుకుని పది మాటలు చెప్పి రాయమంది. రోజారమణికి ఏదో గొంతు అయితే వినిపిస్తోంది, మాట తెలియడం లేదు. ఏం చేయాలో తోచక పక్కనున్న సతీశ్ సార్ కాగితంలోకి తొంగిచూసింది.

"ఏంది మేడం, కాపీ కొడ్తున్నరా?" అని సతీశ్ సార్ ఆమెవైపు తిరిగి నవ్వాడు.

ఆమెకు నవ్వు రాలేదు. పెన్ను అక్కడే ఆగిపోయింది.

మెర్సీ దూది తీయించి చెప్పింది. "గట్టిగ చెప్తే చాలనుకుంటం మేడం. చెవి చెడిన పిల్లకు మన చప్పుడే అందుతది, మాట అందదు. ముంగట కూసోవెట్టి, మొకం కనవడేటట్టు చెప్పాలె. ఒకదినం వినవడ్తది, ఒకదినం వినవడది. మనమేమో మొండిపిల్ల అని పేరువెడ్తం."

రోజారమణికి చివరి వరసలో గోడకు ఆనుకుని కూర్చున్న నాగరాణి గుర్తొచ్చింది. ఇంటికి వెళ్లి వంటగదిలో కూర్చుని ఏడ్చింది. ఆ పిల్లకు ముందు వైద్యం చేయించాలి, ఆ తర్వాత తల్లి గుర్వమ్మకు చేసిన పాపం చెప్పుకోవాలి అని గట్టిగా అనుకుంది.

ఆదివారం నాగరాణి వాళ్ల ఊరికి పోయింది. దొడ్డిలో గొర్రెపిల్లలకు ఆకు వేస్తున్న పదిహేనేళ్ల పిల్లను వెనకనుంచి పేరు పెట్టి పిలిచింది. అంత గొంతుకూ గొర్రెలన్నీ తలలెత్తాయి, నాగరాణి తిరగలేదు.

గుర్వమ్మ సంబరపడింది. టీచరమ్మ ఇన్నేళ్లకు గుర్తుపెట్టుకుని వచ్చిందని చాప వేసి, చాయ పెట్టింది. ఆ సంబరం చూసి రోజారమణి చేసిన పాపం బయటపెట్టలేదు. దవాఖానలో చూపిద్దామని మాత్రం అన్నది. మరుసటి వారం ముగ్గురూ పాలమూరు పెద్ద దవాఖానకు పోయారు.

డాక్టర్ చూసి నిట్టూర్చాడు. "చిన్నప్పుడు చీము కారినప్పుడే చూపిచ్చుంటే మందులతోని తగ్గుతుండె. ఇప్పుడు లోపల నరం పోయింది. మిషన్ పెట్టినా చప్పుడు తెలుస్తదేమో గాని, మాట తెలవదమ్మా."

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక రోజారమణి ఇక ఆగలేకపోయింది. ఎండలో నిలబెట్టింది, బెత్తంతో కొట్టింది, ఎదురుగా ఉన్న పిల్లకు గైర్హాజరు వేసింది, అన్నీ చెప్పేసింది. ఆ గొంతు జీవితంలో మొదటిసారి చిన్నగా వచ్చింది. "నాకు తెల్వక చేసిన గుర్వమ్మా. నీ బిడ్డకు వినవడదని ఒక్కలన్న చెప్తే..."

గుర్వమ్మ కొంగుతో బిడ్డ మొహం తుడుస్తూ చెప్పింది.

"చెప్పనీకే వచ్చిన టీచరమ్మా. చెవుల చీము కారుతాంది, పిల్లను ముంగట కూసోవెట్టుమని చెప్దామని బడికొచ్చిన. గడప కాడ నిలవడి మూడుసార్లు పిల్చిన. నువ్వు పిల్లలతోని ఎక్కాలు చదివిపిస్తున్నవ్. నీకు ఇనవడలే. మల్ల వద్దామంటె గొర్లు తోలుకపోయే యాళ్లాయె."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. రోజారమణి ఆ రోజు కోసం మనసంతా గాలించింది. గడప దగ్గర ఎవరో నిలబడ్డట్టు ఆమెకు గుర్తే లేదు.