బైండింగు పిన్ని అడిగిన చీటీ

గ్రంథాలయం వెనకగదిలో ముప్పయ్యేళ్లుగా పుస్తకాలు కుడుతున్నావిడను అందరూ బైండింగు పిన్ని అంటారు. అసలు పేరడిగితే జీతమిచ్చేవాళ్లే తడుముకుంటారు. చిరిగిన పుస్తకం చేతికిస్తే చాలు, ఎవరు పాలు తాగుతూ చదివారో, ఎవరు ఏ పేజీ దగ్గర నిద్రపోయారో మరకలు చూసి చెప్పేస్తుంది.

ఆ సోమవారం లైబ్రేరియను ఏనుగుపిల్ల బొమ్మల పుస్తకమొకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"పిన్నిగారూ, ఇందులో ఐదో పేజీ తీసేయాలి. ఏనుగుపిల్లకి ఇద్దరమ్మలట. పిల్లలు చెడిపోతారని కమిటీ పెద్దాయన ఉత్తరం రాశారు."

పిన్ని చేతిలో సూది ఆగింది. ఆవిడ కూతురింట్లోనూ ఇద్దరమ్మలే. కూతురు మరో అమ్మాయితో కాపురం పెట్టినప్పుడు పిన్ని కొన్నాళ్లు ముఖం ముడుచుకున్న మాట నిజమే. మనవరాలు వచ్చి "అమ్మమ్మా" అన్నాక ఆ ముడి దానంతటదే వీడిపోయింది. ఆరేళ్ల ఆ పిల్ల శనివారం ఇక్కడే, అందరి ముందూ ఈ పుస్తకం చదవబోతోంది. "మా ఇల్లు పుస్తకంలో పడింది" అని వారం రోజులుగా వీధంతా చాటుతోంది.

"ఆయన పుస్తకమంతా చదివారా బాబూ?"

"ఐదో పేజీ చదివారు. అదొక్కటి చాలన్నారు."

"మెతుకు పట్టి చూడటం అన్నానికి సరే, పుస్తకానికి చెల్లుతుందా?" అంటూ పిన్ని పుస్తకం మధ్యకు విప్పి దారం చూపించింది. "నాలుగు కాగితాలు మడిచి నడుమ కుట్టిందిది. ఐదో పేజీ ఉన్న కాగితానికి రెండో సగం పదకొండో పేజీ. ఇటు కోస్తే అటు ఊడుతుంది."

"పదకొండులో ఏముంది?"

"తప్పిపోయిన ఏనుగుపిల్ల ఇంటికొస్తుంది. అది ఊడితే పిల్ల అడవిలోనే! 'ఇంకా రాలేదేం?' అని మీ బల్ల చుట్టూ మూగేవాళ్లకి మీరే చెప్పుకోవాలి."

లైబ్రేరియను బుర్ర గోక్కున్నాడు. "పోనీ, తెల్లకాగితం అంటించండి."

"అంటిస్తే గోళ్లతో గీకి మరీ చూస్తారు. చిన్నప్పుడు నేనూ గీకినదాన్నే. సరే, ముందు చీటీ రాయండి."

ఆ గదిలోకి వచ్చే ప్రతి పుస్తకానికీ చీటీ ఉండాలి. చిరిగిందో, తడిసిందో, చెద పట్టిందో రాసి సంతకం పెట్టాలి. చీటీ లేనిదే పిన్ని దారం తెంపదు.

అతను కలం పట్టుకుని నిలబడిపోయాడు. "ఏమైందని రాయను?"

"ఉన్నదే రాయండి. ఇద్దరమ్మలు పిల్లకి స్నానం చేయిస్తున్నారని."

అతనికి నవ్వాగలేదు. "అది రాసి సంతకం పెడితే నన్ను చూసి నవ్వుతారు పిన్నిగారూ!" కాసేపు పుస్తకం అటూ ఇటూ తిప్పి, 'కుట్టు వదులైంది' అని రాసి సంతకం గీకాడు. పిన్ని దారం లాగి చూసింది. నిజంగానే వదులైంది.

"మరి పెద్దాయనకేం చెప్పను?"

"శనివారం రమ్మనండి. పదకొండో పేజీ దాకా కూర్చోమనండి."

పెద్దాయన రాలేదు. మనవరాలు మాత్రం గొంతెత్తి చదివింది. ఐదో పేజీ దగ్గర "మా ఇంట్లోలాగే!" అని సొంతంగా ఒక ముక్క కూడా కలిపింది. పిన్ని దాన్ని దిద్దలేదు.

రెండు నెలలకు ఆ పుస్తకం మళ్లీ బల్ల మీదికి వచ్చింది. చీటీలో 'చిరిగింది' అని ఉంది. పిన్ని కళ్లద్దాలు సవరించుకుని మరకలు చదివింది. ఐదో పేజీ దాదాపు శుభ్రంగా ఉంది. పదకొండో పేజీ నిండా వేలిముద్రలే.

ఈసారి రెండు పేటల దారం ఎక్కించింది.