మసి గాజు, జింకు రేకు

మా సైన్సు మాస్టారు పోయి పదిహేను రోజులు కాలేదు, అప్పుడే ఆయన్ని సగానికి కోసేశారు. నందిగామలో జరిగిన ఆదరణ కూడికలో ఆయన పాత శిష్యుడు, ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పే ఆయన, ఒక మసి గాజు ఎత్తి చూపించి, "వెలుతురు అల అని మాస్టారు దీంతోనే నేర్పారు. ఇది మేమిద్దరం చేసుకున్నది" అన్నాడు.

అబద్ధం. దానికి లాంతరు పొగ పట్టించి, రెండు బ్లేడ్లు కలిపి పట్టుకుని ఆ రెండు గీతలు గీసింది నేను. మాస్టారు అడిగితే చేసిచ్చాను. ఎవరికోసమో చెప్పలేదు.

జగ్గయ్యపేట సినిమా హాల్లో తెర మీద బొమ్మ వేసే ఆర్క్ దీపానికి బొగ్గు కడ్డీలు మార్చే పని నాది. ఎనిమిదితో బడి మానేశాను. మిగతాది పాత పుస్తకాలు నమిలి, మాస్టారిని పీడించి నేర్చుకున్నదే. ఆదివారం ఆరాధన అవగానే ఆయన మా హాలుకి రావడానికి నందిగామలో బస్సెక్కేవారు, ఒళ్ళో తువ్వాల్లో చుట్టిన గాజు సీసాతో. ఓసారి చిల్లకల్లు దగ్గర బస్సు ఆగిపోతే మిరపకాయల లారీ ఎక్కి తుమ్ముకుంటూ వచ్చారు. సీసా మాత్రం ఒళ్ళోంచి దించలేదు.

సీసాలో రెండు పల్చటి రేకులు వేలాడేవి. మూత మీద, వాటికి తీగతో కలిపి, గరుకు కాగితంతో తోమిన జింకు రేకు. లక్క కడ్డీని ఉన్నిగుడ్డతో రుద్ది జింకుకి తాకిస్తే కరెంటు ఎక్కి లోపలి రేకులు విడిపోయి నిలబడేవి. నేను ఆర్క్ దీపం తలుపు తీసి ఆ వెలుతురు జింకు మీద పడనిస్తే వాలిపోయేవి.

"వేడికేగా అండీ?"

"అయితే మధ్యలో గాజు పెట్టి చూడు."

పెట్టాను. కళ్ళు చెదిరే వెలుగు పడుతూనే ఉంది. రేకులు కదల్లేదు.

"వెలుతురులో గట్టి గింజలు గాజు దగ్గరే ఆగిపోయాయిరా. ఇక కంటికి కనపడే ఈ తాలు ఎన్ని బస్తాలు కుమ్మరిస్తే ఏం లాభం?"

"వెలుతురు గింజలాండీ? మరి నందిగామలో మీ కాలేజీ శిష్యుడికి అల అని చెప్పారంటగా?"

"అదీ నిజమే. రెండు సందుల్లోంచి పోతే గోడ మీద చారలు పడతాయి. వట్టి గింజలైతే చారలెందుకు పడతాయి?"

"నాకు చూపించలేదే!"

"ఎంత కుళ్ళురా నీకు!" అని నవ్వారు. "నువ్వు గీసిన మసి గాజు వాడి దగ్గరుంది, తెస్తాలే. రెండూ చూస్తేగానీ వెలుతురు చూసినట్టు కాదు."

కుళ్ళే. ఒప్పుకుంటాను. గీతలు నావి, చారలు ఆ కాలేజీ ఆయనవి. మాస్టారు ఆయన పక్కన నిలబడి గోడకేసి వేలు చూపిస్తున్నట్టు తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు. తెస్తానన్న మనిషి తేకుండానే పోయారు.

కాలేజీ ఆయనా, రేకులు వాలడం మీరు చూడలేదు. చారలు నేను చూడలేదు. చివరిసారి మాస్టారు వదిలివెళ్ళిన సీసా నా దగ్గరే ఉంది. ఏదో ఒక ఆదివారం, మొదటి ఆటకి ముందు, ఆ గాజు పట్టుకుని హాలుకి రండి. అది ఎవరు గీశారో అక్కడ ఒప్పుకోండి. నా చారలు నాకు చూపించండి, మీ గింజలు మీకు చూపిస్తాను. ఇది అచ్చులో చూసిన పది రోజుల్లోగా కార్డు రాయండి.

సీసా చుట్టూ మాస్టారు కట్టిన తువ్వాలు ముడి అలాగే ఉంది. మీరొచ్చేదాకా విప్పను.