గిద్దలూరు గోడ మీద నా చేతులు

మార్కాపురంలో, గిద్దలూరులో, ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో ఇళ్ళ గోడల మీద నా చేతులు ఉండేవి. ముఖాలు మాత్రం వేరేవాళ్ళవి. పోయినవాళ్ళవి.

మా ఆయన బొమ్మలు వేసేవారు. ఎవరింట్లోనైనా పెద్దామె పోతే, రేషన్ కార్డు మీదిదో, పెళ్ళిలో గుంపుగా దిగినదో ఒక చిన్న ఫోటో పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్ళు. అందులో తల ఉంటే మెడ ఉండదు, మెడ ఉంటే కళ్ళు మూసుకుని ఉంటాయి. ముఖం ఎలాగో ఆ ఫోటోలోంచే రాబట్టేవారు. మెడ కింది భాగానికి నన్ను కూర్చోబెట్టేవారు. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, కొంగు సర్దుకుని, ఒళ్ళో చెయ్యి మీద చెయ్యి వేసుకుని కుర్చీలో కూర్చోవాలి.

"ఏందే ఆ కదలడం? పోయినామె కదుల్తాదా?" అని కసిరేవారు.

"పోయినామెకు కూర మాడదు కదయ్యా" అనేదాన్ని.

ఉన్నది ఉన్నట్టు వెయ్యాలన్నది ఆయన పట్టుదల. మచ్చ ఉంటే మచ్చ, మెల్ల ఉంటే మెల్ల. వాళ్ళ నాయన ముక్కు మీది పులిపిరి తీసెయ్యమని ఒక షావుకారు బతిమాలితే, "పులిపిరి తీసేస్తే ఆయన మీ నాయన కాడు" అని బొమ్మ ఇవ్వకుండా లోపల పెట్టేసుకున్నారు. అంత నిక్కచ్చి మనిషి, చేతుల దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళందరికీ నావే పెట్టేవారు. అదేమని అడిగితే, ఫోటోలో చేతులు పడలేదు కదా, పైగా నీ చేతుల కంటే మంచివి నేను చూడలేదు అనేవారు. ఆ మాటకు నేను పొంగిపోయేదాన్ని, దాచడం ఎందుకు.

నా ముఖం మాత్రం ఒక్కసారీ వెయ్యలేదు. పెళ్ళైన కొత్తలో అడిగాను. బతికుండగా పటం కట్టిస్తే ఆయుష్షు తగ్గుతుందని మా అత్త అడ్డం పడింది. ఆమె పోయాక అడిగితే, చేతిలో పని అయిపోనీ అన్నారు. పని అయిపోవడం కూడా అయింది. అప్పటికి ఆయన బొమ్మలే మానేశారు.

వైరాగ్యం కలిగిందని తర్వాత ఆయన రాసిన పుస్తకాల వెనక అట్ట మీద ఉంటుంది. నాకు తెలిసినంతలో వైరాగ్యమూ ఫ్లెక్సు మెషినూ ఇంచుమించు ఒకేసారి మా వీధిలోకి వచ్చాయి. పొద్దున ఫోటో ఇస్తే సాయంత్రానికి నిలువెత్తు బొమ్మ, పూలదండతో సహా. ఇక మా ఇంటికి ఎవరొస్తారు? అయితే ఉన్నమాట చెప్పాలి, కారణం అదొక్కటే కాదు. పెద్దారవీడు దగ్గర ఒక ఊళ్ళో, పోయిన భార్య బొమ్మ ముందు కూర్చుని ఒకాయన అన్నం కలిపి, ముద్దలు దాని నోటి దగ్గర పెట్టడం ఈయన చూసి వచ్చారు. ఆ బొమ్మ ఈయన వేసిందే. ఆ రోజు కుంచెలు కడగకుండా అట్లాగే పారేశారు.

"నేను వేసింది ఒంటి మీది తోలే. దాన్ని పట్టుకొని ఆయన తేరుకోలేక పోతా ఉండాడు" అన్నారు.

తర్వాత రాయడం మొదలుపెట్టారు. దేహం అద్దె ఇల్లని, పోయినవాళ్ళ పటాలు గోడకు ఉన్నంతకాలం వాళ్ళకూ మనకూ విడుదల లేదని రాశారు. మొదటి పుస్తకం అచ్చయి రాగానే సంచిలో వేసుకుని, తను బొమ్మలు వేసిచ్చిన ఇళ్ళకే తిరిగి పంచారు. తెలిసినవాళ్ళు వాళ్ళే కదా. చూస్తుండగానే బొమ్మలాయన కాస్తా స్వామి అయిపోయారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి కాళ్ళకు మొక్కేవాళ్ళు. నువ్వు దేహానివి కాదని ఆయన అందరికీ చెబుతుంటే, ఆ దేహాలన్నిటికీ టీలు పెట్టింది నేను.

పోయిన ఎండాకాలం నాకు పక్షవాతం వచ్చింది. ఒంగోలు తీసుకుపోయారు. ప్రాణం దక్కింది గానీ ఎడమ పక్క పోయింది. నోరు ఒక పక్కకు జారింది. ఎడమ చెయ్యి ముడుచుకుపోయింది, గిల్లినా తెలియదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు నా ముఖం చూడలేక గోడ వైపో ఫ్యాను వైపో చూస్తూ మాట్లాడేవాళ్ళు. "అమ్మకు ఎట్లుంది స్వామీ?" అని నా ముందే ఆయన్ను అడిగేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. నేను అక్కడే ఉన్నాను కదా.

ఒకరోజు పట్టుబట్టాను. "నా బొమ్మ వెయ్యి."

ఆయన అలవాటు కొద్దీ దేహం గురించి ఎత్తుకున్నారు.

"ఆ మాటలు వచ్చేపోయేవాళ్ళకు చెప్పు. నేను పోయినాక ఏం చేస్తావు? నా మూతి కంప్యూటర్లో తిన్నగా చేయించి ఫ్లెక్సు కట్టిస్తావా?"

మరునాడు ఆయన అటక మీది నుంచి బొమ్మలేసే అట్ట దించి దుమ్ము దులిపారు, కొత్త కుంచెలు కొనుక్కొచ్చారు.

కొన్నాళ్ళు కూర్చున్నాను. తన చెయ్యి వణుకుతోందని ఆయన విసుక్కునేవారు, నడుము నొప్పని నేను విసుక్కునేదాన్ని. ముఖం పూర్తయ్యాక చూపించారు. జారిన మూతి జారినట్టే ఉంది. చిన్నదైపోయిన ఎడమ కన్ను అట్లాగే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. బాగాలేదని కాదు. జబ్బు చేశాక నన్ను అంతసేపు చూసిన మనిషి ఇంకొకరు లేరు.

చేతుల దగ్గర ఆగిపోయారు. నా ఎడమ చేతిని చూస్తారు, కుంచె దించేస్తారు. చివరికి, "చేతులు మటుకు పాతవే వేద్దామే" అన్నారు. పులిపిరి తీసెయ్యడానికి ఒప్పుకోని మనిషి నోట్లోంచి ఆ మాట వచ్చింది. చూడకుండా వెయ్యడం ఆయనకు చేతకాదు. అందుకని గిద్దలూరులో ఇంకో షావుకారు ఇంటికి పోయి, వాళ్ళమ్మ పటంలో ఉన్న నా చేతులు చూసి గీసుకొద్దామన్నారు. అన్నిట్లోకీ అవే బాగా కుదిరాయట. వద్దనడానికి నాకు నోరు రాలేదు. నాకూ ఆ చేతులను ఇంకోసారి చూడాలని ఉంది.

రైలెక్కి పోయాం. షావుకారు ఎదురొచ్చి ఆయన కాళ్ళ మీద పడ్డాడు. నేను గోడ చూశాను. మేకు ఉంది. దాని కింద పటమంత మేర సున్నం తెల్లగా ఉంది.

"మీ పుస్తకం చదివినాక ఇంకా పెట్టుకుంటామా స్వామీ?" అన్నాడు షావుకారు సంతోషంగా. "కార్తీకంలో కంభం చెరువులో కలిపినాము. మనసు తేలికైపోయింది."

"మంచిది నాయనా" అన్నారు ఈయన. ఆ గొంతు ఆయనది కాదు.

నాకు ఉండబట్టలేదు. "ఆ బొమ్మలో మీ అమ్మ చేతులు నావి" అనేశాను.

షావుకారు భార్య నా వైపు తిరిగింది. "మా అత్త చేతులు అట్ల ఉండవని మాకూ తెలుసు పెద్దమ్మా. ఆమెవి మొద్దు చేతులు. కానీ చూసి చూసి ఇప్పుడు అవే గుర్తొస్తా ఉండాయి. అసలువి ఎట్లుండేవో మర్చిపోయినాము."

షావుకారు పుస్తకం తెచ్చి సంతకం అడిగాడు. ఈయన పెట్టారు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాం. నేనే అడిగాను. "ఇంకా ఇళ్ళు ఉండాయి కదా. రాచర్లలో ఉంది. కంభంలో ఉంది. పోదామా?"

"వద్దులే. వాళ్ళందరి దగ్గరా పుస్తకం ఉంది. నేనే ఇచ్చినాను."

ఆయన ముఖంలో అంత భయం ఒంగోలు ఆసుపత్రిలో కూడా నేను చూడలేదు. ఎన్నేళ్ళ పని నీళ్ళలో పోయిందో లెక్కవేసుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. జాలేసింది. కోపమూ వచ్చింది. ఆ నీళ్ళలో ఉన్నవి నా చేతులు కూడా కదా, వాటి గురించి ఎవరు ఏడుస్తారు?

కంభం స్టేషన్లో బండి ఆగి మళ్ళీ కదిలింది.

"ఇంక ఏం చూసి వేసేదే?" అన్నారు.

"ఉన్నదే చూసి వెయ్యి."

ఆయన తల వంచుకుని దేన్నో చూస్తున్నారు. ఏమిటా అని నేనూ కిందికి చూశాను. నా ఎడమ చెయ్యి ఆయన ఒళ్ళో ఉంది. ముడుచుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, చూసి, మళ్ళీ వదులుతున్నారు. ఎప్పుడు పట్టుకున్నారో నాకు తెలియనే లేదు.