శనివారం గదిలో అన్న మాట

నా చిన్నప్పుడు, ఒకడు నమ్మి చెప్పిన మాటను నేను ఇంటికి మోసుకుపోయాను. చిన్నప్పుడంటే మరీ పసివాణ్ని కాను, ఆర్మూర్‌లో ఇంటర్ చదువుతున్నాను. ఏ మాట ఎక్కడ ఆపాలో ఆ వయసుకు తెలిసి ఉండాలి. నాకు తెలుసు కూడా. అయినా ఆగలేదు.

మా తెలుగు సారు శనివారం చివరి గంటలో పాఠం చెప్పేవాడు కాదు. బెంచీలు గోడకు జరిపించి అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టేవాడు. రైతుల పిల్లలు ఒకవైపు, కూలీల పిల్లలు ఒకవైపు చేరితే లేపి కలిపేవాడు. మనసుకు గుచ్చుకున్నది ఎవరైనా చెప్పవచ్చు, నచ్చనివాళ్ళు అక్కడే వాదించవచ్చు, విన్నది మాత్రం గడప దాటకూడదు. మొదట్లో ఎవరూ నోరు తెరవలేదు. పోనుపోను నందిపేట్ నుంచి ఆటోలో వచ్చే అమ్మాయిలు కూడా మాతో గట్టిగా వాదించేవాళ్ళు.

పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఒక శనివారం నా దోస్తు లేచాడు. వాళ్ళది క్రైస్తవ కుటుంబం, తల్లి పసుపు ఉడకబెట్టి ఆరబోసే కల్లాల్లో కూలికి పోయేది.

"మా అమ్మ ఆదివారం చర్చికి పోతే సోమవారం పనికి రావద్దంటరు సార్. పండుగనాడు అందరు ఆగితే మాత్రం ఎవ్వలు ఏమనరు," అన్నాడు.

ఎవరి కల్లమో చెప్పలేదు. అది మాదే. నేను సిగ్గుపడకూడదని నా వైపు చూడకుండా చెప్పాడు.

ఆ సాయంత్రం మా నాయిన దగ్గర గొప్పకు పోయి, పేరు లేకుండా ఆ సంగతి చెప్పాను. నాయిన నవ్వి భుజం మీద చెయ్యి వేశాడు.

"మాట మంచిగనే ఉంది. గంత ధైర్యంగ అడిగినోడు ఎవలురా? చెప్పు, నేనేమంట?"

నాయిన నన్ను అంత ఆప్యాయంగా పక్కన కూర్చోబెట్టుకోవడం అదే మొదటిసారి. చెప్పేశాను.

సోమవారం పొద్దున కల్లంలో కూలీలందరి ముందు నాయిన మేస్త్రితో అన్నాడు. "గామెను ఇంక పిలువకు. కొడుకు కాలేజీల లెక్చర్లు ఇస్తుండట, ఆడనే కూలి ఇయ్యమను."

నాయిన నన్ను నమ్మించి మోసం చేశాడని ఒళ్ళు మండింది. నేను నా దోస్తుకు చేసింది కూడా అదేనని అర్థం కావడానికి కాలేజీ దాకా నడవాల్సి వచ్చింది.

వాడు తిట్టలేదు. "గదిల చెప్పిన ముచ్చట మీ కల్లం దాక నడిసిపోయిందారా? మంచిగ సోపతి చేసినవ్," అని వేరే బెంచీకి పోయాడు. ఆ శనివారం సారు అడిగితే "ఏం లేదు సార్" అన్నాడు. తర్వాత ఒక్కొక్కరూ అదే అన్నారు. పసుపు పని ఉన్నన్నాళ్ళ కూలే వాళ్ళింటికి ఆధారం. అది పోయింది. దాంతోపాటు మా అందరి గంట కూడా పోయింది.

పెర్కిట్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. వాడు బయటికి రాలేదు. తల్లి కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. తప్పైందన్నాను.

"మీ నాయినకు తెల్సే వచ్చినవా బిడ్డా?"

"తెల్వది."

"అయితే ఆయనకు తెల్సినంక రా. నన్ను పది మంది ముంగట వద్దన్నరు. నువ్వు గిట్ల చాటుంగ వచ్చి చెప్తే నాకేం దక్కుతది?"

మర్నాడు కూలీలు చాయ్ తాగుతుండగా నాయినకు ఎదురుగా నిలబడి చెప్పాను. ఆ మాట బయటపెట్టి నేను తప్పు చేశాను, ఆమెను ఆపి నువ్వు తప్పు చేశావు అన్నాను. నాయిన చెయ్యి లేపాడు కానీ కొట్టలేదు. "పిలగాడు అన్నదాంట్ల తప్పేమున్నది పటేలా," అని ఒక ముసలామె గొణిగింది. అయినా నా దోస్తు తల్లిని నాయిన మళ్ళీ పిలవలేదు. పెర్కిట్‌లోనే ఉన్న మా మేనమామను బతిమాలి, ఆదివారం రాదని ముందే చెప్పి, ఆయన కల్లంలో పని ఇప్పించాను. తర్వాతి శనివారం గదిలో మొదట నేనే లేచి, మా ఇంటి పేరు పెట్టి జరిగిందంతా చెప్పాను.

తర్వాత నేనూ లెక్చరర్‌నై అలాంటి గంట నడిపాను. ఏటా మొదటి వారం ఈ సంగతే చెప్పేవాణ్ని. నాయిన బతికున్నన్నాళ్ళూ ఆయనకు తెలిసేలాగే చెప్పాను. ఆ పిల్లలు నా ముందు మాట్లాడారు.

నా దోస్తు ఇప్పటికీ మార్కెట్ దగ్గర కలుస్తాడు. మంచిగున్నవా అని అడుగుతాడు, చాయ్ తాగుతాం. తన ఇంటి సంగతి మాత్రం ఒక్కటీ చెప్పడు. నేను అడగను.