ఐసులో వచ్చిన ముక్క

ఉదయం 6.10కి పలాసలో మా అత్తయ్య రొమ్ముగడ్డ నుంచి ముక్క తీశారు. సుమారు రెండు వందల కిలోమీటర్లు రైల్లో ప్రయాణించి, 11.40కి అది విశాఖలో నా చేతికి అందింది. రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రోజన్ హార్మోనును అందుకునే గ్రాహకాలను పరీక్షించడం అప్పట్లో నా పరిశోధన. అవి ఉంటే ఆ హార్మోనును అడ్డుకునే మాత్ర అత్తయ్యకు పనిచేస్తుంది. లేకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే.

ముక్క తెచ్చిన మావయ్య అక్కుపల్లిలో చేపల వేటకు వెళ్లే మనిషి. సీసాలో ముక్క చెడకుండా ఆస్పత్రి వాళ్లు పోసే ఫార్మలిన్ మందునీరు లేదు, ఐసుంది.

"ఆ నీరు కంపు కొడతంది, పారబోసీసినాను. వంజరం ముక్కైనా ఐసులో ఉంటేనే కదమ్మీ నిలుత్తాది!"

పాడవకుండా తెమ్మని ఫోనులో చెప్పింది నేనే. ఆయనకు ఆ మాటకు ఒకటే అర్థం.

పరీక్షలో గ్రాహకాలున్న కణాలకు గోధుమరంగు పట్టాలి. గడ్డలో ఒక్కదానికీ పట్టలేదు. పక్కనున్న మంచి కణాల్లో కొన్నింటికైనా పట్టాలి, వాటికీ పట్టలేదు. అంటే ఐసులో ముక్కే చెడింది, ఆ సున్నాను నమ్మడానికి వీల్లేదు. మళ్లీ కోయాలని నేనే చెప్పాను.

"నన్నూ సేపల్లో జమకట్టీసినావేటి మావా?" అని భర్తను ఎత్తిపొడిచి, అత్తయ్య రెండోసారి బల్ల ఎక్కింది.

ఈసారి ముక్క ఫార్మలిన్‌లోనే వచ్చింది. పదింట ఏడు కణాలకు రంగు పట్టింది. మాత్ర మొదలుపెట్టారు.

మొత్తం మీద రెండు కోతలు, చెడిన పరీక్ష ఒకటి, మందు లేకుండా గడిచిన రోజులు పంతొమ్మిది. ఆ రోజుల్లో గడ్డ ఎంత పెరిగిందో ఎవరూ కొలవలేదు.